ఏక్, దో, తీన్ లేని ఫోటో

అది 1949. పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది. నల్గొండలో నాది చిన్న ఫోటో స్టూడియో. మూడు కాళ్ల స్టాండు మీద నిలిచే పెట్టె కెమెరా నా ఆస్తి. చీకటి గదిలో ఫోటో తీయాలంటే రేకు పళ్లెంలో ఫ్లాష్ పౌడర్ పోసి, లెన్స్ మూత తీసి, పౌడర్ అంటించి, మళ్లీ మూత పెట్టేవాణ్ని. దీన్ని ఓపెన్ ఫ్లాష్ అంటారు. ఎంత దూరానికి ఎంత పౌడర్ అన్నదే ఎక్స్‌పోజర్ లెక్క. తక్కువైతే మనుషులు మసకబారతారు, ఎక్కువైతే పెళ్లికూతురి ముఖం సున్నం కొట్టిన గోడలా వస్తుంది. చప్పుడు మాత్రం ఎంత పోసినా తుపాకీదే.

కట్టంగూర్ దగ్గరి పల్లె నుంచి మల్లయ్య అనే రైతు వచ్చాడు. కూతురి పెళ్లి. కొడుకు రాములు కమ్యూనిస్టుల సంఘంలో తిరిగినందుకు నల్గొండ జైల్లో ఉన్నాడు. పెళ్లికి కూడా వదల్లేదు.

"ఫోటో సాబ్, చెల్లె పెండ్లి వాడు కండ్లార సూడాలె. గదొక్కటి జేసి పెట్టు," అన్నాడు. కాదనబుద్ధి కాలేదు.

పెళ్లినాడు వాళ్ల ఊరికి వెళ్లాను. మల్లయ్య ఇంటికి ఎదురుగానే మిలిటరీ క్యాంపు ఉంది. వాకిట్లో గుంపు చూస్తే జవాన్లు గద్దిస్తారని అందరినీ చీకటిగా ఉండే నడిమింట్లో నిలబెట్టారు. నా దగ్గర రెండుసార్లకు సరిపడా పౌడరే ఉంది. కదలొద్దని చెప్పి, హైదరాబాదులో ఉస్తాదు నేర్పినట్టే మూత తీసి గట్టిగా లెక్క మొదలుపెట్టాను. "ఏక్... దో..."

దో అనగానే ఇల్లంతా నేలకు కరుచుకుంది. పెళ్లికొడుకు బాసింగంతో సహా మంచం కిందికి దూరాడు. నా చెయ్యి మాత్రం ఆగలేదు, పౌడర్ భగ్గుమంది. కెమెరాలోని గాజు ప్లేటు మీద పడ్డది గోడా, మల్లయ్య తల్లీ మాత్రమే. ఆ అవ్వకు చెవులు వినపడవు.

"గదేం లెక్కయ్యా!" కింద నుంచే అరిచాడు మల్లయ్య. "గా లెక్క మా ఊర్ల తుపాకులు పేల్చెటోళ్లు పెట్టిండ్రు. తీన్ అనేదాంక ఎవడు నిలవడ్తడు?"

ఇంతలో చప్పుడు విని క్యాంపు జమాదారు ఇద్దరు జవాన్లతో పరుగెత్తుకొచ్చాడు. బందూకు ఎక్కడని గద్దించాడు. ఇది ఫోటో సామాను అంటూ పళ్లెం చూపించాను. నమ్మలేదు. "చలాకే దిఖావ్," అన్నాడు. పేల్చి చూపించాలట.

ఉన్నది ఒక్క విడత పౌడర్. ఊరికే మండిస్తే రాములుకు ఫోటో లేదు. అందరూ కుదురుగా నిలబడితేనే దీని పని తెలుస్తుందని ఉర్దూలో బుకాయించాను. జమాదారు తల ఊపి, జవాన్లతో పాటు పెళ్లివారి వెనక తానూ నిలబడ్డాడు.

నేను ప్లేటు మార్చాను. "ఉత్త మంటనే," అన్నాడు మల్లయ్య ఇంటివాళ్లతో. "ఎవ్వలు వంగొద్దు. రాములు సూస్తడు."

ఈసారి లెక్క పెట్టలేదు. మూత తీశాను, అంటించాను. మూత పెట్టి చూస్తే జమాదారు, జవాన్లు నేల మీద బోర్లా పడి ఉన్నారు. ఇంటివాళ్లు ఒక్కరూ కదల్లేదు. నవ్వితే ఏం ముంచుకొస్తుందోనని పెదవులు బిగబట్టుకున్నారు.

"లేవుండ్రి బిడ్డా, దానికేం భయం?" అంది అవ్వ. జమాదారు బట్టలు దులుపుకుంటూ తనే ముందు నవ్వాడు. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ప్లేటు కడిగి చూస్తే అందరూ నిలబడే ఉన్నారు, జవాన్లతో సహా. వెలుగు పడ్డాకే కదా భయం పుట్టింది! మొదటి ప్లేటు చెడిపోయిందనుకున్నాను. అవ్వ మాత్రం అది తనొక్కదాని ఫోటో అని ముచ్చటపడి గోడకు పెట్టించుకుంది.

జైల్లో రాములును చూసే ములాఖాతుకు మల్లయ్యతో నేనూ వెళ్లాను. రాములు ఊచల అవతల నిలబడి ఫోటోను చాలాసేపు చూశాడు.

"బాపూ, జవాన్లు గూడ పెండ్లికొచ్చిండ్రా?"

"వచ్చిండ్రు బిడ్డా. మోత ఇని కింద వడ్డది గూడ ఆళ్లే."

"మనోళ్లు?"

"ఒక్కలు గూడ వంగలే."

రాములు పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఎంత దూరానికి ఎంత పౌడర్ పోయాలో ఉస్తాదు నేర్పాడు. ఎదుట నిలబడినవాళ్లు అంతకుముందు ఏ మోత విన్నారో అడగాలని ఆ ఇల్లు నేర్పింది. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ నేను లెక్క పెట్టలేదు. "ఇటు సూడుండ్రి," అనేవాణ్ని, అంతే.