సొర పన్ను మీది నలుపు

నిన్న బాత్‌రూం కడుగుతుంటే యాసిడ్ ఘాటు గుప్పున ముక్కుకు తగిలింది. దగ్గు ఆగేలోపే అన్నపూర్ణ మేడం గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో విశాఖలో ఒక కాలేజీ జువాలజీ మ్యూజియం ఆవిడ చేతిలో ఉండేది. నేనక్కడ కొత్తగా చేరిన అటెండర్‌ని, ఇంకా పర్మనెంటు కాలేదు. మా ఇల్లు ఆ జీతం మీదే నడిచేది.

ఒకరోజు నడిసముద్రంలో అడుగు మట్టి తోడే ఓడ నుంచి ఒక పన్ను వచ్చింది. నా అరచెయ్యంత ఉంది, బొగ్గులా నల్లగా. అంచు మాత్రం ఇంకా రంపమే.

"సొర పన్నే, నూకరత్నం. కానీ ఈ చేప ఇప్పుడు లేదు. మనుషులు పుట్టకముందే పోయింది. మన సిటీ బస్సు కన్నా పొడుగు! ఒంట్లో ఉన్నదంతా మెత్తటి ఎముకే గదా, కరిగిపోయింది. పళ్లే మిగిలాయి," అన్నారు మేడం.

నేను యారాడలో సముద్రం చూస్తూ పెరిగినదాన్ని. అయినా ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఆ నీళ్లలో కాలు పెట్టడానికి ఒళ్లు జలదరించింది.

మా ఇంట్లోవాళ్లది బీచిలో శంఖాలు అమ్మే పని. మట్టి పట్టిన శంఖాన్ని యాసిడ్‌లో ముంచి చప్పున మంచినీళ్లలో వేస్తే తళతళలాడుతుంది. పన్నుకి ఓడ తారు అంటుకుందనుకున్నాను నేను. మేడం మెచ్చుకుంటారని మర్నాడు పొద్దున్నే వచ్చి అలాగే ముంచాను. బుసబుసా పొంగింది. తీసేసరికి ఒక పక్క నలుపంతా పోయింది.

మేడం చూసి కుర్చీలో కూలబడ్డారు. "ఏటి చేశావే ఇది?"

"తారనుకున్నాను మేడం. నాను శంకాలకి సేసినట్టే సేసినాను..."

"తారు కాదే తల్లీ. సముద్రం అడుగున పడున్నప్పుడు దాని మీద పేరుకున్న నలుపది. గోరు మందం పట్టడానికి లక్షల ఏళ్లు పడుతుంది."

ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. కానీ నాకు ఏడుపొచ్చింది అందుకు కాదు. ఎవరూ చూడని చీకట్లో సముద్రం అంత ఓపిగ్గా చేసిన పనిని నేను చిటికెలో కడిగేశాను.

"ఆ పక్కని గోడేపు తిప్పి పెట్టేత్తాను మేడం, ఎవులికీ తెలీదు," అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ మాత్రం నేను కడిగిన వైపే జనానికి కనబడేలా పెట్టారు. 'ఇటువైపు నలుపు పొరపాటున యాసిడ్‌తో పోయింది' అని చీటీ రాసి, కింద తన పేరు పెట్టారు.

"నా పేరు రాయండి మేడం."

"నువ్వు పర్మనెంటవ్వాలి గదే," అన్నారంతే.

అయ్యాను. రిటైరయ్యాను కూడా. ఈ మధ్యలో ఎంతమంది కొత్తవాళ్లు మ్యూజియం సీసాలు పగలగొట్టి వణుకుతూ నా దగ్గరికొచ్చారో! అన్ని చీటీల మీదా నా పేరే రాశాను. మేడం పేరున్న చీటీ మాత్రం ఇప్పటికీ ఆ పన్ను పక్కనే ఉంది. చదివినవాళ్లు ఆవిడ ఎంత అజాగ్రత్త మనిషో అనుకుని వెళ్లిపోతుంటారు.