బుడగలు ఆగిన పూట

మొన్న పంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుంటే, గోడవారన అద్దాల తొట్టెలో చేపలకు గాలి వదిలే మోటారు బుడబుడమంటూ ఉంది. పక్కావిడ కోడలి మీద ఎన్ని చాడీలు చెప్పినా ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. మన కాలంలో నర్సు పని చేసినవాళ్ళకు చెప్పక్కరలేదు, ఆ చప్పుడు ఎక్కడ ఆగుతుందోనని ఇప్పటికీ చెవి అటే ఉంటుంది.

తొంభైల చివర్లో, పట్నం పొలిమేరల్లో బొమ్మనహళ్ళి దాటాక ఒక చిన్న ఆసుపత్రిలో, నెలలు నిండని బిడ్డల్ని చూసుకోవడం కొత్త నర్సులకు నేర్పేదాన్ని. ఖరీదైన యంత్రాలు మాకెక్కడివి? బిడ్డ ముక్కులో సన్నటి గొట్టాలు పెట్టి గాలి వదిలి, రెండో కొస నీళ్ళ సీసాలో ముంచేవాళ్ళం; సీసాలో బుడగలు వస్తున్నంతసేపూ బిడ్డకు ఊపిరి అందుతున్నట్టు, ఆగితే గాలి ఎక్కడో కారిపోతున్నట్టు. గొట్టాలు కదలకుండా టోపీకి కట్టే దారం ఎంత బిగించాలో చేతికి తెలియాలి, పుస్తకం చదివితే వచ్చే విద్య కాదది. తిట్టి, బుజ్జగించి ఒక నర్సు పిల్లను తయారుచేస్తే, నెల తిరగ్గానే మేట్రనమ్మ కంటి వార్డుకు మార్చేసేది. అందరూ అన్నీ నేర్చుకోవాలట! నేను పోట్లాడితే, ఈ వార్డేమన్నా నీ పుట్టిల్లా అనేది.

అలా ఒక పిల్లను మార్చిన రోజునే, అనంతపురం వైపు నుంచి ఇళ్ళు కట్టే బేల్దారి పనికొచ్చిన ఆలుమగల ఆడశిశువు మా దగ్గర ఉంది. రెండు కాన్పులు పోయాక పుట్టిన పిడికెడు ప్రాణం. రంగు తేరుకుంటోంది, బతుకుతుందనే అనుకున్నాం. నేను కాన్పుల గదికి వెళ్ళిన కాసేపట్లో, ముక్కు కందిపోయిందని తల్లి ఏడిస్తే, మార్చినామె బదులు ఆ పొద్దున్నే వచ్చిన నర్సు పిల్ల, పాపం నేనింకా ఏమీ నేర్పనే లేదు, మనసు కరిగి దారం వదులు చేసింది. బుడగలు ఆగాయి. బిడ్డ మూలుగు మానితే నిద్రపోయిందని ఇద్దరూ సంతోషపడ్డారు. నేనొచ్చేసరికి ఒళ్ళంతా నీలం. ఎంత చేసినా తిరిగి రాలేదు.

వెళ్ళేముందు ఆ తల్లి నర్సు పిల్ల రెండు చేతులూ పట్టుకుని, నా బిడ్డకి కడదాకా నొప్పి లేకుండా చేసినావు, నువ్వు సల్లగుండాలమ్మా అంది. అప్పటికి ఆ పిల్లకు జరిగిందేమిటో తెలిసిపోయింది. నా వైపు చూసింది.

ఇప్పుడు దారం సడలితే యంత్రమే కూత పెడుతుందట, వార్డంతా వినబడుతుందట. మంచిదే. నేర్చినవాళ్ళను నెలకోసారి మార్చే అలవాటు మాత్రం కొన్నిచోట్ల ఇంకా పోలేదంటున్నారు. ఆ పిల్ల ఆ వారమే ఉద్యోగం మానేసింది. ఆ దీవెన మోసుకుని ఎక్కడుందో, ఎట్లా బతికిందో.