మామిడి పెట్టెల్లోకి వెళ్ళిన చివరి అధ్యాయం

పుస్తకం ఎవరిదైతే చివరి అధ్యాయం వాళ్ళే చదవాలన్నది నేను పెట్టిన నియమం కాదు. మా పాఠకుల సంఘం కార్యదర్శి పెట్టింది. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. మేమంతా ప్రాణంగా చూసుకునే ఒక విప్లవ నవల పూర్తి ప్రతి నూజివీడులో నా ఒక్కడి దగ్గరే ఉండేది. లైబ్రరీ పుస్తకంలో వెనక పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి. ఏటా మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం, మా నాన్న మామిడి కమీషన్ షెడ్డులో చాపలు పరుచుకుని పాతికమందిమి ఆ నవల పండగ చేసుకునేవాళ్ళం. ఇష్టమైన ఘట్టాలు తలా ఒకటి చదివేవాళ్ళం. చివరిది నాది. నాలుగేళ్ళు అలాగే జరిగింది.

ఎనభైల నడిమి కాలం. విప్లవం అని రాస్తే పోలీసులు వచ్చి పేర్లు అడిగిపోయే రోజులు. అందుకని బ్యానర్ మీద ‘సాహితీ సాయంత్రం’ అని మాత్రమే రాసేవాళ్ళం.

నవలలో తిరగబడిన ఊరు ఓడిపోతుంది. ఇళ్ళు తగలబడతాయి. చివరి అధ్యాయంలో ఒక ముసలమ్మ జైలు నుంచి తిరిగొచ్చి, మనుషులు మిగలని ఆ ఊళ్ళో సాయంత్రం మీటింగుకి చాపలు పరుస్తుంది. ఎవరైనా వస్తారా, రారా? ఆ పద్నాలుగు పేజీలూ అంతే. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. కాయలు ఏరుతున్నప్పుడు కూడా పెదాల మీద అవే వాక్యాలు ఆడేవి.

ఐదో ఏడు మాస్టారు ఏలూరు నుంచి ఒక లెక్చరర్‌ని పిలిచారు. చివరి అధ్యాయం ఆయనే చదువుతారన్నారు. ఎందుకో నాతో చెప్పలేదు. టీకొట్టు తడిక అవతల ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

“బేరాలాడే గొంతండీ అది. కాయ ఎంత, పెట్టె ఎంత అన్నట్టే ఉంటది. పెద్దాయన ముందు నవ్వులపాలవుతాం.”

టీ సగంలో వదిలేసి వచ్చాను. పుస్తకం ఇవ్వనని అనొచ్చు. కానీ నా కోపం మాస్టారి మీద, నవల మీద కాదు. లెక్చరర్ గారు ముందుగా చూసుకోవాలంటే మూడు రోజుల ముందే మాస్టారి చేతికిచ్చాను. అట్ట పోతే నేనే దారంతో కుట్టుకున్న పుస్తకం. జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను.

ఆదివారం పొద్దున మాస్టారు బ్యానర్ కట్టించడానికి షెడ్డుకి వచ్చారు. నేను తోటలో ఉన్నాను. లెక్చరర్ గారు చూసి తిరిగిచ్చిన పుస్తకాన్ని ఆయన ఎక్కడ పెట్టారో తర్వాత తెలిసింది, చిత్తుకాగితాల కుప్ప మీద. మామిడి పెట్టెలో అడుగున గడ్డి, గడ్డి మీద కాగితం, కాగితం మీద కాయ. పాత పరీక్ష పేపర్లు, వారపత్రికలు, పోయినేడు శుభలేఖలు, ఏదైనా సరే, ఆ కుప్ప మీదికొచ్చిందంటే పెట్టెలోకే. మా షెడ్డులో అడుగుపెట్టిన ఎవరికైనా అది తెలుసు. నాలుగేళ్ళుగా వస్తున్న మాస్టారికి తెలియకపోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగు గంటలకి జనం రావడం మొదలైంది. మాస్టారు పుస్తకం కోసం వెతికారు. కుప్ప దగ్గర దొరికింది, చివరి ఏడు కాగితాలు లేకుండా. దారం తెగి వేలాడుతోంది.

“మీ షెడ్డు, మీ మనుషులు,” అన్నారాయన అందరి ముందూ. “చదవనివ్వలేదని ఇంత పని చేయిస్తారా శెట్టిగారూ?”

అప్పటిదాకా నన్నెప్పుడూ ఆయన అలా పిలవలేదు.

“కుప్ప మీద పెట్టింది ఎవరండీ?” అన్నాను.

“నేను బల్ల మీద పెట్టాను.”

అబద్ధం. బల్ల నిండా పొద్దుటి నుంచీ కాటానే ఉంది.

లెక్చరర్ గారు మెత్తని మనిషి. “పోనీలెండి, కథ నోటితో చెప్పేద్దాం,” అన్నారు. ఆ పద్నాలుగు పేజీలూ నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఆ మాట పైకి అంటే ఏమవుతుంది? నోటికొచ్చు కాబట్టే చింపించాడు అంటారు. నేను దొంగనైపోతాను.

“నోటితో వద్దు. కాగితాలే తెస్తాను,” అన్నాను.

లారీ బయట నిలబడి ఉంది, లోడు ముగిసి. పెట్టెలు కట్టే ఆడవాళ్ళని అడిగాను. విస్సన్నపేట రోడ్డులో చర్చి పక్కన ఉండే ఒకావిడ ముందుకొచ్చింది.

“సన్నచ్చరాలండీ, బైబిల్లోలాగా. నేనే వాడాను. ఒకటి చదివాను కూడానండి. ఎవరో ముసలమ్మ చాపలేస్తా ఉంది.” ఆవిడ మొహం పాలిపోయింది. “మీదని తెలవదండీ అబ్బాయిగారూ.”

“నీ తప్పేం లేదమ్మా. ఏ పెట్టెలు?”

“టీ తాగినాక కట్టినయ్యి. తొమ్మిది. ఇయాల నేను కట్టింది అంతేనండి.”

మా దగ్గర ఎవరు కట్టిన పెట్టెకి వాళ్ళ గుడ్డపీలిక చెక్కల సందులో ముడేస్తారు, అవతలి ఊళ్ళో కాయ చెడితే ఎవరి చేతిదో తెలియడానికి. ఆవిడది పసుపు పీలిక. లారీ ఎక్కాను. నాన్న పరిగెత్తుకొచ్చాడు.

“నీకు మతిపోయిందేంట్రా? కట్టిన కాయని మళ్ళీ ముట్టుకుంటే పాడైపోద్ది. దిగు!”

“దిగను నాన్నా. నన్ను దొంగన్నారు.”

నాన్న షెడ్డు వైపు చూశాడు. సుత్తి తెచ్చి ఆయనే నా చేతికిచ్చాడు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. పసుపు పీలికలు ఏడు దొరికాయి. మిగతా రెండూ అడుగు వరసలో ఇరుక్కుపోయాయి. మేకులు పీకి, బంగినపల్లి కాయలు ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుంటూ వెతికితే ఐదు కాగితాలొచ్చాయి, సొన మరకలతో. నేను మేకులు మళ్ళీ దిగ్గొట్టగానే లారీ కదిలింది.

కాగితాలు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన వాటిని లెక్చరర్ గారికి అందించారు. లెక్చరర్ గారు బాగా చదివారు, కాదనను. ముసలమ్మ చాపలు పరిచింది. దీపం పెట్టింది. చీకట్లో అడుగుల చప్పుడు వినిపించింది. అక్కడ కాగితం అయిపోయింది.

“మిగతాది లేదండీ,” అన్నారాయన కళ్ళజోడు తీసి.

నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు షెడ్డు గుంజ దగ్గర నిలబడ్డ పసుపు పీలిక ఆవిడ అడిగింది.

“ఎవరొచ్చారండీ?”

ఆవిడ నా వైపు తిరిగింది.

“అబ్బాయిగారూ, మీకొచ్చు గదా. కాయలేరతా మీలో మీరు చదూకుంటానే ఉంటారు.”

“అదీ సంగతి!” అన్నారు మాస్టారు. పాతిక తలలూ నా వైపు తిరిగాయి.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఆవిడ ఇంకా చూస్తోంది. జుట్టులో గడ్డిపోచ కూడా తీసుకోలేదు. ఆవిడకి మా గొడవ అక్కర్లేదు, వచ్చిందెవరో కావాలి. లేచి నిలబడి, మాస్టారి వైపు కాక ఆవిడ వైపు తిరిగి చెప్పాను. నా బేరాలాడే గొంతుతోనే. వచ్చింది ఊళ్ళోవాళ్ళెవరూ కాదు, తెలియని పిల్ల. కూర్చోమంటే కూర్చోకుండా, మూల చుట్టి ఉన్న ఇంకో చాప తీసి పరచడం మొదలుపెట్టింది. అక్కడికి నవల అయిపోతుంది.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, “ఇంకా వస్తారన్నమాట,” అంది.

మాస్టారు ఆ రోజు క్షమించమనలేదు, తర్వాత కూడా అనలేదు. సంఘం మినిట్స్ పుస్తకంలో చివరి అధ్యాయం మొత్తం లెక్చరర్ గారే చదివినట్టు రాశారు. నేను చూశాను. సంతకం పెట్టమంటే పెట్టలేదు.

మరుసటేడు మే నెలలో పుస్తకం కావాలని కబురు పంపారు. పంపించాను, ఆ ఐదు కాగితాలు తీసేసి. వాటిని చొక్కా జేబులో మడిచిపెట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. చివరికి వచ్చేసరికి మాస్టారు పేజీలు తిప్పి, ఆగి, నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. పుస్తకం మూసి, నన్ను పేరు పెట్టి పిలిచి, వచ్చి చదవమన్నారు.