మేక కథలో మగ్గం చప్పుడు

తీసుకున్నారు! మా నాన్న చెప్పిన మేక కథను పిల్లల కథల యాప్ వాళ్లు తీసుకున్నారు. ఇప్పుడే మెసేజ్ వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉండగానే రెండుసార్లు చదివాను.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. డిగ్రీ దాకా చదివింది ఇంట్లో నేనే మొదలు. పెళ్లయ్యాక ఆదోనిలో ఉంటున్నాం. సెలవులొస్తే పిల్లలిద్దరినీ తీసుకుని పుట్టింటికి పోతాను. అక్కడ మగ్గం ఆడుతుంటే, పిల్లలు ఫోన్‌లో ఆ యాప్ పెట్టుకుంటే కథ వినపడదు. అందుకని ఫోన్‌ను స్టీలు గిన్నెలో పెడతాం, గొంతు పెద్దదవుతుంది. అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతూ వింటుంది. నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తూ వింటాడు.

ఒకరోజు కథలో రాజు అడవిలో దారి తప్పాడు.

"ఈ రాజుకు పనీపాటా లేదేమి? ఎప్పుడు జూసినా అడివిలోనే ఉంటాడు," అంది అమ్మ.

"నువ్వు పోయి తోడుకోని రా పో," అన్నాడు నాన్న.

"తాతా, నీకు కథలొస్తాయా?" అని అడిగింది మా పాప.

"రాకేమి!" అని, నూలు పోగును అటూ ఇటూ తిప్పే నాడె ఆడిస్తూనే మొదలుపెట్టాడు. ఒక మేక తన యజమాని మెడకు తాడు కట్టి ఆలూరు సంతకు అమ్మకానికి తోలుకుపోతుంది. బేరగాళ్లు వచ్చి ఆయన నోరు తెరిపించి పళ్లు చూస్తారు.

"ఏమప్పా మేకా, ఈ ముసిలోన్ని యాడ పట్టినావు?"

"ముసిలోడని తక్కువ జేయద్దన్నా. పని జేయడు గాని తిండి బాగా తింటాడు."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆదోనికి తిరిగొచ్చాక మావాడు ఫోన్ నా చేతికిచ్చి, "తాత కథ పెట్టు," అన్నాడు. అందులో లేదంటే నమ్మలేదు. అన్ని కథలూ ఉన్నప్పుడు తాతది ఎందుకుండదని ఏడ్చాడు.

అదే యాప్‌లో, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథలు పంపమని అడిగారు. వేరే చప్పుడు ఉండకూడదన్నారు. నేను బాగా ఆలోచించి అమావాస్య రోజు పోయాను. అమావాస్యకు మావాళ్లు మగ్గంలో కూర్చోరు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. ఫోన్ ముందు పెట్టాను.

"ఒగ ఊర్లో ఒగ మేక ఉండె. అది సంతకు పోయె. అయిపాయ."

"పళ్లు ఏవి తాతా?" అని పాప అరిచింది.

"చేతులు ఊరికే ఉంటే నోరు తిరగడంల్యామ్మా," అన్నాడు నాన్న. ఎన్నిసార్లు అడిగినా అంతే.

మరుసటి రోజు పొద్దున మగ్గం మొదలవగానే గుంట గట్టు మీద ఫోన్ పెట్టాను. కథ మొత్తం వచ్చింది. మేక నడిచేటప్పుడు మగ్గం టకటకా ఆడింది, బేరం దగ్గర ఆగింది. మధ్యలో అమ్మ, "పాపం, ఆయప్పకు నీళ్లన్నా తాపిందా మేక?" అనడం కూడా పడింది. అదే పంపించాను.

"ఆ టకటకలో ఎవరింటారు? తిప్పి పంపిస్తారు సూడు," అన్నాడు నాన్న. కానీ నేను ఫోన్ చేసినప్పుడల్లా, "ఏమన్నా సెప్పినారామ్మా?" అని అడిగేవాడు. వీధంతా ముందే చెప్పేసుకున్నాడని అమ్మ చెప్పింది. ఎదురింటి మామ, "నీ మేక యాడిదాకా వచ్చిందప్పా? ఇంకా ఆలూరులోనే ఉందా?" అని రోజూ గేలి చేస్తున్నాడట. దాంతో నాన్న పొద్దున టీ బంకుకు పోవడమే మానుకున్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు.

మగ్గం చప్పుడు అలాగే ఉంచుతాం, మధ్యలో మాట్లాడిన ఆమె గొంతు కూడా తీసేయం అని మెసేజ్‌లో ఉంది.

వెంటనే నాన్నకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. నేస్తుంటాడు, వినపడదు.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: పత్తి మార్కెట్‌లో ఉన్న మా ఆయన. హొళగుందలో అక్క, వాళ్లత్తకు కన్నడంలో చెప్పే పని ఆమెదే. మద్దికెర చిన్నాన్న. డిగ్రీలో మాకు తెలుగు చెప్పిన మేడం. ఎదురింటి మామ, మేక ఆలూరు దాటిందని చెప్పాలి. వీళ్లందరికంటే ముందు మళ్లీ నాన్నకే, అన్నానికి మగ్గం దిగినాక.