మల్సూర్ వరుసలో ఒకటో నంబరు

“రామనర్సయ్య గుద్దితే గోడ పగుల్తది, నేను కాదంటలేను. కని ఆయన తొంభై కిలోలోడు తమ్మీ! లారీని కాటా మీదికి ఎక్కిచ్చినంక, లారీ బరువు తీసెయ్యకుండ మొత్తం వడ్లే అని రాసిస్తే మిల్లోడు ఊకుంటడా? మనిషి కూడ గంతే. బరువు తీసెయ్యాలె. తీసేసినంక ఏం మిగిలిందో గదే బాక్సింగు. రామనర్సయ్యకు తొమ్మిదో నంబరే ఎక్కువ.”

మల్సూర్ ఈ మాటలంటూనే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి లారీ డ్రైవరుకు చీటీ అందించాడు. డ్రైవరు చీటీ లాక్కుని, అంకె చూసుకుని వెళ్లిపోయాడు. నేను ఆ గదిలో కూర్చున్న గంటలో ఏడు బండ్లు ఎక్కి దిగాయి. ఒక్క డ్రైవరూ అంకె తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

మిర్యాలగూడ శివారులోని ఒక రైస్ మిల్లులో ఆయన లారీలను తూచే వేబ్రిడ్జి చూసుకుంటాడు. అరవై నాలుగేళ్లుంటాయి. విరిగి అతుక్కున్న ముక్కు కొంచెం ఎడమకు తిరిగి ఉంటుంది. యాసంగి వడ్లతో గరిడేపల్లి నుంచి మా ట్రాక్టరు వచ్చినప్పుడల్లా వరుసలో అరరోజైనా ఆగాల్సిందే. ఆ అరరోజు నేను ఆయన గదిలో గడుపుతాను. మూడేళ్లుగా ఇదే అలవాటు. బాక్సింగ్ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన చెప్పినవే.

గోడకు తిరగేసి కొట్టిన పాత క్యాలెండరు ఒకటి ఉంది. దాని వెనక తెల్లటి వైపున పెన్సిలుతో పన్నెండు పేర్లు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో గ్లౌజులు తొడిగినవాళ్లందరినీ, నలభై ఎనిమిది కిలోల పిల్ల నుంచి తొంభై దాటిన రామనర్సయ్య దాకా, ఒకే బరువు వాళ్లని అనుకుంటే ఎవరు గొప్ప? దానికి జవాబు ఆ వరుస.

“ఇది నేనొక్కణ్ణే రాసింది కాదు,” అన్నాడు. “నేను, కోదాడ సైదయ్య. పదిహేనేండ్ల సంది రాస్తనే ఉన్నం. రాసుడు, తుడుసుడు.”

సైదయ్య కూడా ఒకప్పుడు బాక్సరే, ఇప్పుడు కోదాడ బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. ఆదివారం మధ్యాహ్నాలు బస్సెక్కి వచ్చేవాడు. ఇద్దరూ సాయంత్రం దాకా కొట్లాడుకునేవాళ్లు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఏ పేరూ పైకి ఎక్కకూడదు, కిందికి దిగకూడదు. అదొక్కటే వాళ్ల నియమం. సూర్యాపేట కృపను మూడో నంబరులో పెట్టాలని మల్సూర్ అన్నప్పుడు, ఆడపిల్లను మగవాళ్లలో ఎట్లా కలుపుతావని సైదయ్య రెండు నెలలు ఒప్పుకోలేదట. కృప ఇప్పుడు బడిలో పీఈటీ టీచరు. ఆమె పాత పోటీ వీడియో ఎవరో సైదయ్యకు ఫోనులో చూపించారు.

“చూశాక ఏమన్నాడు?” అని అడిగాను.

“ఏమంటడు! ‘ఈ పిల్లకి మూడేందిరా, నిన్నూ నన్నూ కలిపి కొట్టుద్ది’ అన్నడు. నేను ఐదో నంబరుకు పొమ్మన్నా పోతడు ఆమె కోసం. గసొంటోడు.”

నవ్వాడు. నవ్వు చాలాసేపు ఆగలేదు. ఇంటి దగ్గర ఆయనకు ఇట్లా నవ్వే అవకాశం లేదు. ఆయన భార్య భాగ్య పోయి ఆరేళ్లయింది. ఇంట్లో తనతో మాట్లాడేది ఫ్రిడ్జి ఒక్కటేనని, అది కూడా కరెంటు ఉంటేనేనని ఆయనే ఒకసారి అన్నాడు.

నేను క్యాలెండరు దగ్గరికి వెళ్లి చూశాను. మిగతా పేర్లు చెక్కుచెదరలేదు గానీ, పైన రెండు చోట్ల కాగితం రబ్బరు రాపిడికి పలచబడింది. పోయినేడు ఒకటో నంబరులో దేవ్‌సింగ్ ఉండేవాడు, రెండులో సైదయ్య. ఇప్పుడు సైదయ్య ఒకటి, దేవ్‌సింగ్ రెండు.

“ఇది ఎప్పుడు మార్చారన్నా? సైదయ్యన్న ఒప్పుకున్నాడా?”

బయట ఇంకో లారీ హారను కొట్టింది. మల్సూర్ దాన్ని తూచాడు, చీటీ ఇచ్చాడు, కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు.

“ఒప్పుకోలే. అడగలే కూడ. ఫిబ్రవరి ఆఖర్ల దేవ్‌సింగ్ రిటైరయిండు, ఎస్సైగ. తెల్లారే నేనే తుడిసి నేనే రాసిన. ఆదివారం సైదయ్య వచ్చిండు. గోడ దిక్కు సూసిండు. ‘ఏందిరా ఇది? నన్ను ఓడించినోడు రెండో నంబరా? ఓడినోణ్ణి తీసుకొచ్చి నెత్తి మీద కూర్చోబెట్టావా? ఎందుకు మార్చావో చెప్పు’ అన్నడు. నేను నోరు తెరవలే. ‘ముసలాడు ఆటో తోలుకుంటన్నాడని జాలిపడ్డావా? జాలి నంబరు నాకొద్దు’ అని, తెచ్చిన చాయ్ తాగకుండనే పోయిండు. నెల పదిహేను రోజులాయె. ఫోన్ చేస్తే మోగుతది, ఎత్తడు.”

“జాలేనా అన్నా?”

“జాలి కాదు. న్యాయం.” కిటికీ బయట ఎవరూ లేరని చూసుకున్నాడు. “నువ్వు ఇనేటోడివి కాబట్టి చెప్తున్న. ఇంతవరకు ఎవ్వలికి చెప్పలే, భాగ్యకు కూడ.”

ఎనభై నాలుగులో సూర్యాపేటలో జిల్లా పోటీలు పెట్టారు. అప్పటికే మల్సూర్ ముక్కు విరిగి బరిలోంచి బయటికొచ్చాడు. మిల్లులో బస్తాలు తూచే పని. తూకం తెలిసినవాడు కదా అని ఆటగాళ్ల బరువులు చూసే బాధ్యత ఆయనకే అప్పగించారు. పోటీల వాళ్ల దగ్గర సరైన కాటా లేదు. మిల్లు కాటానే ట్రాక్టరులో వేసుకుని వెళ్లాడు.

“మిల్లుల మేం ఏం చేస్తమంటే, పొద్దుగాల రాంగనే కాటా మీద ఖాళీ గోనెసంచి పెట్టి, ముల్లును సున్నాకు తెస్తం. సంచి కిలో ఉంటది, గా బరువు లెక్కల పడొద్దు కదా. ఇగ దినమంత తూస్తనే ఉంటం. గా కాటాను గట్లనే తీస్కపోయిన తమ్మీ. ముల్లును మళ్ల సరిజేసుడు మరిసిపోయిన. సంచి లేదు, మనిషే నిలబడ్డడు. అంటే ఏమైనట్టు?”

“ఒక కిలో తక్కువ చూపిస్తుంది.”

“కిలో. అందరికీ కిలో తక్కువ. మిగిలినోళ్లకు ఏం కాలే, ఎవ్వడూ గీత మీద లేడు. దేవ్‌సింగ్ ఒక్కడే గీత మీదున్నడు. యాభై నాలుగు కిలోల పోటీ. నా కాటా యాభై మూడున్నర సూపెట్టింది. అంటే అసలు యాభై నాలుగున్నర. ఆ పొద్దు దేవ్‌సింగ్ బరిలోకి దిగే మనిషే కాదు.”

ఫైనల్లో దేవ్‌సింగ్‌తో తలపడింది సైదయ్య. మూడు రౌండ్లు. అయిదుగురు న్యాయనిర్ణేతల్లో ముగ్గురు దేవ్‌సింగ్ అన్నారు, ఇద్దరు సైదయ్య అన్నారు. గెలిచినవాడు హైదరాబాదు వెళ్లి అక్కడా పతకం తెచ్చాడు. ఆ పతకం మీద కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. ఓడినవాడు కోదాడ వెళ్లి హమాలీ పనిలో చేరాడు, తర్వాత కిరాయి ఆటో, చాలా ఏళ్లకు సొంత ఆటో.

“నాకు తెల్లారి మిల్లులనే తెలిసింది. అలవాటు మీద ఖాళీ సంచి కాటా మీద ఏసిన. ముల్లు సున్నా మీద నిలవడ్డది. అంటే నిన్న నేను సరిజెయ్యనే లేదు. అప్పటికి దేవ్‌సింగ్ ఇంకా హైదరాబాదు బస్సు కూడ ఎక్కలే. ఉరికితే దొరుకుతుండె. ఉరకలే.”

“ఎందుకన్నా?”

“దేవ్‌సింగ్ తప్పు లేదు కదా. తండాల నుంచి వచ్చిన పోరడు, కాటా ఎక్కమంటే ఎక్కిండు. తర్వాత ఉద్యోగం వచ్చె. ఇగ చెప్తే ఆయన అన్నం పోతది అనుకున్న. రిటైరైనంక చెప్తా అనుకున్న. అయిండు.” మల్సూర్ చీటీల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. “గా మాట సగమే. ఇంకో సగం ఏందంటే, సైదయ్య ఆదివారం రాకుంటే నేను ఎవ్వలితోని మాట్లాడాలె? చెప్తే రాడని చెప్పలే. చెప్పకపోయినా రాకపాయె.”

సైదయ్య పదిహేనేళ్లు ఈ గదిలో కూర్చుని, తనను ఓడించినవాడే మేటి అని వాదించి, ఆ మాట మీద తన రెండో నంబరును కాపాడుకున్నాడు. ఎదురుగా కూర్చుని ఊ కొట్టిన మనిషికి అసలు సంగతి తెలుసు.

“మీరే వెళ్లి చెప్పొచ్చు కదా? గంటన్నర ప్రయాణం.”

“పోయిన. మూడుసార్లు పోయిన. ఆటోల కూసున్న ఆయన వీపు సూసి, అటే తిరుగు బస్సెక్కిన.”

అంతలో మా ట్రాక్టరు వంతు వచ్చింది. మల్సూర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. తూకం అయింది. మిల్లు గుమస్తా మా వడ్లు దింపుకున్నాక ఖాళీ బండిని మళ్లీ కాటా ఎక్కించాం. మల్సూర్ తెర మీద అంకెను ఒకటికి రెండుసార్లు చూసి, బండి మీద ఎవరూ నిలబడలేదు కదా అని తల బయటపెట్టి చూసి, అప్పుడు చీటీ రాశాడు. చీటీ నా చేతిలో పెట్టాడు గానీ దాని కొస తను వదల్లేదు.

“ఇయ్యాల కోదాడ దిక్కు పోతవా?”

“గరిడేపల్లి దాకే అన్నా. కానీ పోవచ్చు. బండి ఇంటి దగ్గర పెట్టి మోటారుసైకిలు మీద పోతాను.”

“పో. బస్టాండు ముంగట, ముందల ఎర్ర జెండా కట్టిన ఆటో. సంచి సంగతి, ముల్లు సంగతి అంత చెప్పు. కాటా తప్పు అనకు, మల్సూరు తప్పు అను. తెల్లారి తెలిసి కూడ ఉరకలేదని అను, గా మాట మరువకు. ఒకటో నంబరు జాలి కాదని అను. ఒప్పుకొమ్మని మాత్రం అడగకు.”

“కోపం చేస్తే?”

“చేస్తడు. తిడ్తడు. మస్తు తిడ్తడు, వాడి నోరు నాకెరుక. నడుమల ఆపకు తమ్మీ, నా తరపున ఏం మాట్లాడకు. తిట్టినంత సేపు నిలబడి ఉండు. ఏమేం తిట్టిండో ఒక్కటి కూడ ఇడిసిపెట్టకుండ యాదికి పెట్టుకొని, ఆదివారం గీడికొచ్చి నాకు చెప్పు.”