కాలు పడని ఫోటో

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, మా ఉదయగిరి కుర్రాళ్లు బ్యాగీ ప్యాంట్లు షోకు కోసం వేసుకునేవాళ్లు. నేను వేసుకున్నది మాత్రం చిన్నప్పుడు పోలియో వచ్చి సన్నబడిన ఎడమ కాలిని దాచుకోవడానికి. టైలరు షాపులో పని గనక అందరికంటే వెడల్పుగా కుట్టుకునేవాణ్ణి. (ఊరందరికీ తెలిసిన కాలిని ఎవరి నుంచి దాచానో దేవుడికే తెలియాలి.)

సొంత కుట్టుమిషను కొనుక్కోవాలన్నది ఇరవయ్యేళ్ల నాకు ఒకే ఒక్క ఆశ. వికలాంగులకు సబ్సిడీ మీద మిషన్లు ఇస్తున్నారని, ఆత్మకూరు క్యాంపుకు ఫోటోతో రమ్మన్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. సర్కారువాళ్లు మనిషి వాటం చూసి డబ్బిస్తారని నా నమ్మకం. అందుకని పౌడరు పూసుకుని, పాపిడి తీసి, ఛాతీ దాకా ఫోటో దిగి, మా అవ్వను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

క్యాంపులో గుమాస్తా ఆ ఫోటోను తిరగేసి మరగేసి చూశాడు.

"కాలు ఎక్కడ అబ్బయా?"

"కింద ఉండాది సార్. ఫోటోలో పట్టలేదు."

"ఇది పెళ్లిచూపులకు పనికొస్తాది," అని నిట్టూర్చి, ఓపిగ్గా చెప్పాడాయన. "పింఛను డబ్బు వేరే, ట్రైసైకిలు డబ్బు వేరే, మిషను డబ్బు వేరే. ఒకదానిది ఇంకోదానికి వాడకూడదు. ఏది కావాలన్నా ముందు డాక్టరు సర్టిఫికెట్టు ఉండాల. దాని మీద కాలు కనపడే ఫోటో అంటించాల. సాయంత్రం లోపల తెస్తే సరి, లేదంటే ఈ ఏడాదికి నీకు మిషను లేదు."

బయటికొచ్చి, మిషను పోతే పోయింది, ప్యాంటు మాత్రం ఎత్తనన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ కాలికి రోజూ నూనె రాసి నడిపించినదాన్ని నేను. నాకు లేని సిగ్గు నీకేందిరా?"

అవ్వ వెనకే స్టూడియోకి నడిచాను.

ప్యాంటు మోకాలి పైకి మడిచి స్టూలు మీద కూర్చున్నాను. ఫోటో తీసేవాడు అలవాటు కొద్దీ "కొంచెం నవ్వు," అన్నాడు. వెంటనే అవ్వ, "నవ్వబాకరా, మిషను ఇయ్యరు," అంది. అంతే, ఆపుకోలేక పకపకా నవ్వేశాను. సరిగ్గా అప్పుడే నొక్కాడు.

అర్జెంటుగా కడిగించి పట్టుకెళితే గుమాస్తా నవ్వు దాచుకుంటూ తీసుకున్నాడు. డాక్టరు టేపుతో కాలు కొలిచి, ఆ ఫోటో అంటించి సర్టిఫికెట్టు రాసిచ్చాడు. కొన్ని నెలలకు మిషనూ వచ్చింది, దాంతోనే ఇల్లు నడిచింది.

ఈమధ్య పాత ఫోటోలు తిరగేస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఎంత పౌడరు, ఎన్ని పోజులు! ఆ వయసు ఫోటోలన్నిట్లో నేను సగమే ఉన్నాను. పూర్తిగా ఉన్నది ఆ సర్టిఫికెట్టు మీద మాత్రమే.