మైనంతో మూసిన మూత

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇది ఇన్నాళ్లూ రాయలేదు. పంతొమ్మిది వందల ఎనభైల్లో వదినా నేనూ నరసరావుపేట దగ్గర దూది మిల్లులో కూలికి వెళ్లేవాళ్లం. దూదిని తెల్లబరిచే పెరాక్సైడ్ డబ్బా మూతకు సన్నని బెజ్జం ఉండేది; అది లోపల పుట్టే గాలి పోవడానికని అప్పుడు తెలియదు. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే, గాలి తగిలితే మందు చెడుతుందని నేనే దాన్ని మైనంతో మూశాను. మధ్యాహ్నానికి డబ్బా ఉబ్బి, ఎవరూ ముట్టకుండానే టిక్కుటిక్కుమంది.

"ఏందే, ఇది కడుపుతో ఉందా?" అంటూ వదిన మూత తిప్పింది.

మందు బుస్సున చిమ్మి ఆమె చేతుల మీద పడింది. మంట కంటే ముందు తెలుపు వచ్చింది; వేళ్లు శవం వేళ్లలా పాలిపోయాయి. తొట్టి నీళ్లలో ముంచి ఉంచాం.

"ఈ చేతులు మళ్లీ నావవుతాయంటావా?" అంది.

మర్నాడు పొద్దున ఆమెకు నేనే చద్దన్నం ముద్దలు పెట్టాను. మూడో ముద్దకు మైనం సంగతి చెప్పాను.